యంత్రం దిగి పని పోయినప్పుడు: రెండేళ్లు వదలకుండా వెంటపడటం ఎలా

గేటు ముందు మొదటి రోజు వంద మంది ఉంటారు. పదిహేనో రోజుకి నలభై. నాలుగో వాయిదాకి లేబర్ ఆఫీసు మెట్ల మీద ముగ్గురు. కొత్త యంత్రాలు దించి మనుషుల్ని తీసేసిన చోట కార్మికుల కేసులు ఎక్కువగా చేజారేది అక్కడే. గడువు దాటిపోతుంది, అవసరమైన కాగితం దొరకదు, సాక్ష్యం చెప్పాల్సినతను తిరుప్పూర్‌లోనో సూరత్‌లోనో పనికి కుదిరిపోయి ఉంటాడు. యంత్రం ఆగదు. ఆ తేదీలనీ కాగితాలనీ మనుషుల్నీ పట్టి ఉంచడం మాత్రం చేతనైన పనే.

ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. మీరు యూనియన్ కార్యదర్శి కావచ్చు, యూనియనే లేని మిల్లులో నలుగురూ నమ్మే ఆపరేటర్ కావచ్చు. ప్యాకింగ్ లైన్ ఆటోమేటిక్ చేసిన ఫ్యాక్టరీ, కొత్త మగ్గాలు దించిన మిల్లు, జీడిగింజలు ఒలిచే యంత్రాలు పెట్టిన పలాస యూనిట్ లాంటి ప్రైవేటు సంస్థల్ని దృష్టిలో పెట్టుకున్నాం. గనులు, బ్యాంకులు అయితే రాష్ట్ర కార్మిక శాఖ బదులు కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయానికి వెళ్లాలి, మిగతా పద్ధతి దాదాపు ఇదే.

చట్టం గురించి ముందే ఒక మాట. 2025 నవంబర్ 21 నుంచి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. మిమ్మల్ని తీసింది ఆ తేదీకి ముందైతే పాత చట్టం గడువులు చూసుకోవాలి. కింద చెప్పేవన్నీ కోడ్ ప్రకారం.

1. యంత్రం బిగించక ముందే కాగితం అడగండి

యంత్రం రాబోతోందని ఎవరూ చెప్పరు గానీ ఆనవాళ్లు కనిపిస్తాయి. కొత్త పునాదులు తవ్వుతారు, ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తారు, కంపెనీ ఇంజనీర్లు టేపు పట్టుకుని షెడ్డు కొలుస్తారు, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లని ట్రైనింగ్ పేరుతో వేరే ఊరు పంపుతారు. ఆ వారంలోనే కదలాలి.

కోడ్ సెక్షన్ 40 ప్రకారం మూడో షెడ్యూలులోని (కోడ్ చివర ఇచ్చిన జాబితా) విషయాల్లో మార్పు చేయాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందులో 10వ అంశం సరిగ్గా మనదే: కార్మికుల్ని తీసేయడానికి దారితీసేలా యంత్రాల్లో, పనిపద్ధతిలో చేసే మార్పు. పాత చట్టంలోనూ ఈ అంశం ఉండేది. లోక్‌మత్ పత్రికలో ఫొటో కంపోజింగ్ వచ్చి కంపోజింగ్ విభాగం వాళ్లని 1982లో తీసేస్తే, ఆ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఒక విషయం తేల్చింది: ఈ నోటీసు మార్పుకు ముందు రావాలి, కొత్త పద్ధతి పెట్టేశాక ఇస్తే చెల్లదు. నెగ్గడానికి 17 ఏళ్లు పట్టిందన్నది కూడా గుర్తుపెట్టుకోండి. మీ ప్రయత్నమంతా అంత దూరం వెళ్లకుండా తేల్చుకోవడానికే.

ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ఈ మాటలు వాడుకోవచ్చు:

“ప్యాకింగ్ సెక్షన్‌లో ఫలానా తేదీ నుంచి కొత్త ఆటోమేటిక్ లైన్ కోసం పనులు జరుగుతున్నాయి. దీనివల్ల కార్మికుల్ని తగ్గించే అవకాశం ఉంటే కోడ్ సెక్షన్ 40, మూడో షెడ్యూలు 10వ అంశం ప్రకారం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చి ఉంటే నకలు ఇవ్వగలరు. ఎవరినీ తీసే ఉద్దేశం లేకపోతే ఆ విషయం రాతపూర్వకంగా తెలపగలరు.”

ఆ చివరి వాక్యాన్ని తీసేయకండి. “ఎవరినీ తీయం, భయపడకండి” అని మేనేజర్ నోటితో చెప్తాడు. కాగితం మీద రాసిస్తే అది మీకు కవచం. రాయనంటే, ఆ నిరాకరణ గురించి లేబర్ ఆఫీసులో మీరు పెట్టే ఫిర్యాదే మొదటి రికార్డు అవుతుంది. ఉత్తరం టైమ్ ఆఫీసులో ఇచ్చి మీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టు చేసి, అందినట్టు రుజువు కూడా తీసుకోండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి దానికోసం కౌంటర్ దగ్గర వెతుక్కోనవసరం లేదు.

నోటీసు వస్తే ఆ 21 రోజుల్లోనే అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్ దగ్గర వివాదం వేయండి. మొదటి మీటింగ్ తేదీ కోసం వెంటపడండి. కన్సిలియేషన్ (లేబర్ అధికారి ముందు జరిగే రాజీ చర్చ) నడుస్తున్నంత కాలం వివాదంతో ముడిపడిన సర్వీసు షరతుల్ని కార్మికులకి నష్టం కలిగేలా మార్చడానికి వీల్లేదు. కానీ కన్సిలియేషన్ మొదలైనట్టు లెక్కించేది మీరు అర్జీ ఇచ్చిన రోజు నుంచి కాదు, అధికారి మొదటి మీటింగ్ పెట్టిన రోజు నుంచి. అర్జీ ఇచ్చేశాం కదా అని ఇంటికెళ్లి కూర్చున్నవాళ్లు దెబ్బతినేది ఈ తేడా దగ్గరే.

ఫ్యాక్టరీలో 300 మంది, అంతకు మించి ఉంటే తీసేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. యాజమాన్యం దరఖాస్తు పెట్టిన 60 రోజుల్లో ప్రభుత్వం ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అంటే ఆఫీసు నిద్రపోతే లాభం యాజమాన్యానికి. ఆ 60 రోజుల్లో మీ అభ్యంతరం ఫైల్లో చేరాలి, మీ మాట వినమని రాతపూర్వకంగా అడగాలి.

2. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి

ఒక్కొక్కరినీ హెచ్‌ఆర్ గదిలోకి పిలుస్తారు. “రిజైన్ చేస్తే సెటిల్‌మెంట్ వెంటనే, లేకపోతే ఏళ్లు పడుతుంది” అంటారు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఇదే మాట రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే కాగితం) పేరుతో వినిపిస్తుంది. తనంతట తాను మానేసినవాళ్లకి రిట్రెంచ్‌మెంట్ (మనుషులు ఎక్కువయ్యారని తీసేయడం) పరిహారం ఉండదు, అందుకే ఆ తొందర.

మీ వాళ్లందరికీ ముందే మూడు మాటలు నేర్పండి: “చదువుకుని చెప్తాను. నకలు ఇవ్వండి. రేపు వస్తాను.” ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లుంటే తిట్టకండి. ఒత్తిడి చేసి పెట్టించారని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఒకటి రెండు రోజుల్లో మెయిల్, స్పీడ్ పోస్టు రెండూ పంపించండి. వారం దాటాక పంపిన ఉత్తరాన్ని తర్వాత ఎవరో చెప్పగా పంపాడంటారు.

ఖాతాలో రిట్రెంచ్‌మెంట్ డబ్బు పడితే వెనక్కి పంపనక్కర్లేదు. “అభ్యంతరంతో తీసుకుంటున్నాను, తొలగింపును ప్రశ్నించే హక్కు వదులుకోవడం లేదు” అని ఒక ఉత్తరం చాలు. వాలంటరీ రిటైర్మెంట్ స్కీము సంగతి వేరు. ఒప్పుకుని ఆ డబ్బు తీసుకున్నాక వెనక్కి రావడం దాదాపు కుదరదు, కాబట్టి లెక్క సరిచూసుకోకుండా ఎవరినీ ఆ ఫారం నింపనివ్వకండి.

3. ఒక పుస్తకం, ఒక క్యాలెండరు

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనండి. కంప్యూటర్లో ఎక్సెల్ ఉన్నా సరే, పుస్తకం ఉండాలి. ఒక్కో మనిషికి ఒక పేజీ. పై భాగంలో పేరు, ఆధార్‌లో ఉన్న పేరు (రెండూ తేడాగా ఉంటే అక్కడే గుర్తు పెట్టండి), తండ్రి లేదా భర్త పేరు, చేరిన తేదీ, సెక్షన్, చివరి మూడు నెలల జీతం, యూఏఎన్ (పీఎఫ్) నంబరు, ఈఎస్‌ఐ నంబరు, పర్మినెంటా కాంట్రాక్టా, కాంట్రాక్ట్ అయితే ఏ మేస్త్రీ కింద. తర్వాత మూడు ఫోన్ నంబర్లు: సొంతది, ఇంట్లో ఒకరిది, సొంతూళ్లో ఎప్పటికీ మారని బంధువుది. ఏడాది తర్వాత మనిషి దొరికేది ఆ మూడో నంబరుతోనే. మిగతా పేజీ ఖాళీగా వదలండి, ఆయనకి వచ్చిన ప్రతి ఫోన్, ప్రతి ఆఫరు అక్కడ తేదీతో రాయాలి.

కాగితాల్లో అన్నిటికన్నా గట్టిది పీఎఫ్ పాస్‌బుక్. నెలనెలా ఏ కంపెనీ కట్టిందో అందులో ఉంటుంది, దాన్ని ఎవరూ కాదనలేరు. ఉద్యోగం పోయిన వారంలోనే అందరివీ డౌన్‌లోడ్ చేయించండి. ఓటీపీ కోసం ఆధార్‌కి లింకైన సిమ్ కావాలి, ఊరు మారినవాళ్లు సిమ్ కూడా మారుస్తారు. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్, పే స్లిప్పులు, ఈఎస్‌ఐ కార్డు, అపాయింట్‌మెంట్ లెటర్, పాత షిఫ్ట్ షెడ్యూళ్ల ఫొటోలు. ఒక్క ఏడాది నిరంతర సర్వీసు అనిపించుకోవాలంటే గడిచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేసినట్టు చూపాలి. మస్టర్ (హాజరు పట్టీ) కంపెనీ చేతిలో ఉంటుంది గనక వారపు సెలవులు, పండగ సెలవులతో సహా మీ వైపు లెక్క సిద్ధంగా పెట్టుకోండి. షిఫ్టులు వాట్సాప్ గ్రూపులో వేసే అలవాటు ఉంటే ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. గ్రూపులోంచి తీసేశాక కొత్తవి రావు, పాత ఫోన్ అమ్మేస్తే ఉన్నవీ పోతాయి. స్క్రీన్‌షాట్ ఒక్కటే కోర్టులో తేలిపోవచ్చు. అది వచ్చిన ఫోన్ ఉండాలి, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కూడా జత చేయాలి.

ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, లాయరుకి కూడా. మూడు సెట్లు జిరాక్స్: ఒకటి పుస్తకం ఉన్నచోట, ఒకటి వేరే ఇంట్లో, ఒకటి వాయిదాలకు తిరిగే సంచిలో.

పుస్తకం వెనక అట్ట లోపలి వైపు ఈ గడువుల్ని అసలు తేదీలతో రాసి అంటించండి:

- 2 పనిదినాలు: తీసేసినప్పుడు రావాల్సిన వేతన బకాయిలు చెల్లించాల్సిన గడువు.
- 45 రోజులు: రీస్కిల్లింగ్ ఫండ్ (తీసేసినవాళ్లు కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) డబ్బు కార్మికుడి ఖాతాలో పడాల్సిన గడువు. కన్సిలియేషన్ మామూలుగా ముగియాల్సిన గడువు కూడా ఇంతే.
- 90 రోజులు: కన్సిలియేషన్ విఫలమైన రిపోర్టు అందాక ట్రైబ్యునల్‌కి (కార్మిక వివాదాల మీద తీర్పు చెప్పే న్యాయస్థానం) వెళ్లే గడువు.
- 1 సంవత్సరం: తిరిగి మనుషుల్ని తీసుకుంటే పాతవాళ్లకి ముందు అవకాశం ఇవ్వాల్సిన కాలం.
- 2 సంవత్సరాలు: తీసేసిన తేదీ నుంచి వ్యక్తిగా ట్రైబ్యునల్‌కి వెళ్లడానికి చివరి హద్దు. పాత చట్టంలో ఇది మూడేళ్లు. పాతకాలపు నాయకులు ఇంకా మూడని చెప్తుంటారు, నమ్మకండి.

4. లెక్క మీరే వేయండి

యాజమాన్యం ఇచ్చిన అంకెను తప్పనడానికి మీ దగ్గర మీ అంకె ఉండాలి. వేతనం నెలకు 18,200 రూపాయలు, సర్వీసు 11 ఏళ్ల 7 నెలలు ఉన్న ఒక ఆపరేటర్‌ని తీసుకుందాం. ఆరు నెలలు దాటిన భాగం ఒక ఏడాదిగా లెక్క, కాబట్టి 12 ఏళ్లు.

రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. ఇక్కడ నెలను సగం చేయాలి: 9,100 × 12 = 1,09,200.

గ్రాట్యుటీ కూడా ఏడాదికి 15 రోజులే గానీ నెలను 26 రోజులుగా చూస్తారు: 18,200 ÷ 26 = 700, దాన్ని 15తో, 12తో గుణిస్తే 1,26,000.

నెల ముందు నోటీసు ఇవ్వకపోతే ఆ నెల జీతం 18,200. రీస్కిల్లింగ్ ఫండ్ కింద చివరి వేతనంలో 15 రోజులది, 9,100. మొత్తం 2,62,500. సెలవుల డబ్బు, బోనస్, ఓవర్‌టైమ్ బకాయిలు దీనికి అదనం.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, రెండింటికీ ఒకే భాగహారం వేసేస్తారు. గ్రాట్యుటీని 30తో భాగించి తక్కువ చేస్తారు, లేదా గ్రాట్యుటీ ఇచ్చి అదే పరిహారం అంటారు. అవి రెండు వేర్వేరు హక్కులు. జీతాన్ని అలవెన్సులుగా ముక్కలు చేసి బేసిక్ చిన్నదిగా చూపించడం ఇంకో పద్ధతి. కొత్త కార్మిక కోడ్‌లలో అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం తిరిగి వేతనంలో కలుస్తుంది. 20,000లో బేసిక్, డీఏ కలిపి 7,000 అని చూపిస్తే లెక్క 10,000 మీద వేయాలి.

పీఎఫ్ విషయంలో తొందరపాటు మీ వాళ్ల వైపు నుంచే వస్తుంది. పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి. ఎనిమిది తొమ్మిదేళ్లున్నవాళ్లు పెన్షన్ భాగం కూడా తీసేసుకుంటే ఆ ఏళ్లు పోతాయి. పెన్షన్ డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ (ఆ సర్వీసును నమోదు చేసి ఇచ్చే పత్రం) తీసుకుంటే తర్వాతి ఉద్యోగంలో కలుస్తాయి. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద 90 రోజుల వరకు సగటు రోజు వేతనంలో 50 శాతం భృతి ఉంది, జీవితంలో ఒకేసారి. ఆ పథకాన్ని గడువు పొడిగిస్తూ నడుపుతున్నారు, బ్రాంచి ఆఫీసులో అడిగి వెంటనే వేయించండి.

5. యంత్రం వద్దు అనకండి, షరతులు అడగండి

1960ల్లో కలకత్తా ఇలాకో హౌస్‌లోకి కంప్యూటర్ రాకుండా ఎల్‌ఐసీ ఉద్యోగులు రాత్రింబవళ్లు కాపలా కాశారు. దేశమంతా ఒకే సంస్థ, అందరూ పర్మినెంట్, వెనకాల పెద్ద సంఘం ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది. ఎనభై మంది మిల్లులో ఆ దారి పడితే నెలకే అలిసిపోతారు. బ్యాంకు ఉద్యోగుల దారి మనకి దగ్గర. 1983లో, మళ్లీ 1987లో వాళ్ల సంఘాలు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌తో ఒప్పందాలు చేసుకుని యంత్రాలు ఎక్కడ, ఏ మేరకు పెట్టాలో, వాటి మీద పనిచేసేవాళ్లకి ప్రత్యేక అలవెన్సు ఎంతో రాయించుకున్నాయి.

సింగరేణి అనుభవం ఇంకో పాఠం. బొగ్గు గనుల్లో తట్టా చెమ్మస్‌తో (పార) బొగ్గు నింపిన ఫిల్లర్ల చోట బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు (పైనుంచి తవ్వే గనులు) పెరిగాయి. 1990ల మొదట్లో లక్షా పదహారు వేల దాకా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. వేలమందిని ఒకేసారి గేటు బయట పెట్టి చేసింది కాదిది, రిటైర్మెంట్లతో, వీఆర్‌ఎస్‌తో ఏళ్ల తరబడి తగ్గించింది. ఉన్నవాళ్లకి బతుకు దక్కింది, రావాల్సిన తరానికి ఉద్యోగం దక్కలేదు. మీరు చర్చలో ఏది వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.

డిమాండ్లు ఐదు మించకూడదు. కొత్త యంత్రం మీద ఆపరేటర్లుగా ముందు పాతవాళ్లకి శిక్షణ, అదీ జీతంతో, సీనియారిటీ ప్రకారం. మిగిలినవాళ్లకి అదే యాజమాన్యం కింద వేరే సెక్షన్‌లో పని, జీతం తగ్గకుండా. రిటైర్మెంట్‌కి రెండు మూడేళ్లున్నవాళ్లని కదపకపోవడం. తీయక తప్పనివాళ్లకి చట్టం చెప్పిన 15 రోజులకి మించిన పరిహారం. తిరిగి తీసుకునే జాబితా గేటు బోర్డు మీద. ప్రతి డిమాండుకీ పక్కన మీరు దిగగలిగిన కింది గీత రహస్యంగా రాసుకోండి, ఐదుగురికి మించి ఎవరికీ తెలియకూడదు.

ఎవరిని తీస్తున్నారన్నదీ చూడండి. ఒకే కేటగిరీలో చివర వచ్చినవాళ్లు ముందు పోవాలి, వేరేలా చేస్తే కారణం రాయాలి. సీనియారిటీ జాబితా అడగండి. యూనియన్‌లో గట్టిగా మాట్లాడే నలుగురూ అందులో పై వరుసలో ఉండి కూడా బయట ఉన్నారంటే యంత్రం ఒక సాకు మాత్రమే.

కాంట్రాక్ట్ లేబర్‌ని మీ జాబితాలోంచి వదిలేయకండి. యంత్రం వచ్చినప్పుడు మొదట, చడీచప్పుడు లేకుండా పోయేది వాళ్లే. తొలగింపు కేసులో వాళ్ల యజమాని కాంట్రాక్టరే అంటారు, అది పొడవాటి పోరాటం. కానీ కాంట్రాక్టరు ఎగ్గొట్టిన జీతాలకి అసలు యాజమాన్యం బాధ్యత ఉంది. అక్కడ ముందు గెలవండి. ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంత కాలానికని రాసుకుని చేరిన) వాళ్లకి గడువు తీరితే అది రిట్రెంచ్‌మెంట్ కాదు, అయితే ఏడాది చేసినా గ్రాట్యుటీ దామాషాలో వస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియక వదిలేస్తున్నారు.

6. వాయిదాలకి తిరగడం

కన్సిలియేషన్ అధికారి తీర్పు చెప్పడు, రాజీ కుదర్చడమే ఆయన పని. యాజమాన్యం తరఫున మొదటి రెండు వాయిదాలకి ఏ అధికారమూ లేని అసిస్టెంట్ వచ్చి “పైవాళ్లని అడిగి చెప్తా” అంటాడు. ఆ రోజు రికార్డులో “నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న ప్రతినిధి హాజరు కాలేదు” అని రాయించండి. ఎవరూ రాకపోతే అదీ రాయించి, తర్వాతి తేదీ చేతిలోకి వచ్చాకే కదలండి.

ప్రతి వాయిదాకి ఇద్దరు వెళ్లాలి: ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాసుకోవడానికి. ఒకే మనిషి అన్నిటికీ తిరిగితే ఆరు నెలల్లో ఆయన ఇల్లు గుల్లవుతుంది, పైగా ఆయనకి జ్వరం వస్తే కేసుకీ జ్వరం వస్తుంది. బయటికి వచ్చిన అరగంటలో ఐదు వరుసల సమాచారం అందరికీ పంపండి. ఏం జరగకపోయినా “ఈ రోజు ఏం జరగలేదు, మళ్లీ 17న” అని పంపండి. సమాచారం లేనిచోట పుకారు పుడుతుంది, “నాయకులు అమ్ముడుపోయారట” అనేది అందులో మొదటిది.

రాజీ కుదిరితే ఎక్కడ సంతకం పెడుతున్నారన్నది ముఖ్యం. అధికారి ముందు కన్సిలియేషన్‌లో చేసిన సెటిల్‌మెంట్ ఆ సంస్థలోని కార్మికులందరికీ వర్తిస్తుంది. ఫ్యాక్టరీ గదిలో చేసుకున్నది సంతకాలు చేసిన పక్షాలకే. డబ్బు ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాకి అన్న మూడూ అందులో ఉండాలి. “త్వరలో చెల్లిస్తాం” అన్న మాట ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఇస్తామన్నది ఇవ్వకపోతే ఏడాదిలోపు రికవరీకి దరఖాస్తు వేస్తే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేయవచ్చు.

సోమవారం కలెక్టరేట్ అర్జీలు ఉపయోగమే, కానీ అవి తిరిగి అదే లేబర్ అధికారి టేబుల్ మీదికి వస్తాయి. దొరికే లాభం రసీదు నంబరు, కొంచెం వేగం. సమాచార హక్కు దరఖాస్తు ఇంకా పదునైనది: 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ప్రైవేటు కంపెనీని నేరుగా అడగలేరు గానీ కార్మిక శాఖకి కంపెనీ ఇచ్చిన రిట్రెంచ్‌మెంట్ నోటీసు నకలు అడగవచ్చు. ప్రభుత్వం నుంచి భూమి, రాయితీ తీసుకున్న పరిశ్రమ అయితే, ఎంతమందికి ఉద్యోగాలిస్తానని దరఖాస్తులో రాసిందో పరిశ్రమల శాఖని అడగండి. ఆ అంకె, ఇప్పుడున్న అంకె పక్కపక్కన పెట్టి స్థానిక విలేకరికి ఇస్తే ధర్నా ఫొటో కంటే ఎక్కువ పని చేస్తుంది.

సమ్మె ఆలోచన ఉంటే, 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగం మంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా సమ్మెగానే లెక్క. కోపంలో గేటుకి తాళం వేస్తే ఆ రోజు నుంచి మాట్లాడుకునేది యంత్రం గురించి కాదు, మీ మీద పెట్టిన కేసు గురించి.

7. మనుషులు జారిపోకుండా

ఇదే అసలు కష్టమైన భాగం.

నెలకి మనిషికి 100 రూపాయలు పెట్టండి. అరవై మంది ఉంటే 6,000: బస్సు ఛార్జీలు, జిరాక్సులు, పోస్టు, వాయిదాకి వెళ్లినవాళ్ల భోజనం. ఇద్దరి సంతకాలతో ఖాతా తెరిచి, నెల మొదటి ఆదివారం లెక్క చదివి వినిపించండి. పది రూపాయల టీ ఖర్చు కూడా రాయండి. సంఘాలు విడిపోయేది లక్షల దగ్గర కాదు, ఇలాంటి చిల్లర దగ్గరే. కట్టలేనివాళ్ల పేర్లు బయట చదవకండి.

వాట్సాప్‌లో రెండు గ్రూపులు: ఒకటి నిర్వాహకులు మాత్రమే రాసేది, ఇంకోటి అందరూ మాట్లాడుకునేది. కలిపేస్తే వాయిదా తేదీ గుడ్ మార్నింగ్ పూల కింద కప్పబడిపోతుంది.

వేరే పని చేసుకోవడం ద్రోహం కాదని మొదటి మీటింగ్‌లోనే చెప్పండి. ఆటో నడిపినా, ఇంకో మిల్లులో చేరినా కేసు నడుస్తుంది. వెనకటి జీతం లెక్కలో ఆ సంపాదన గురించి అడగవచ్చు, అందుకే ఎక్కడ ఎంత వస్తోందో నిజం రాసి పెట్టుకోవాలి. పని దొరకగానే ముఖం చాటేసేవాళ్లు చాలామంది సిగ్గుతో అలా చేస్తారు. ఆ సిగ్గు తీసేస్తే సగం మంది మిగులుతారు.

ఆర్నెల్లకల్లా యాజమాన్యం ఒక్కొక్కరికీ విడిగా ఆఫరు పంపుతుంది. దీనికి ముందే నియమం పెట్టుకోండి: ఎవరైనా తీసుకోవచ్చు, కానీ కాగితం ఒక్క రోజు మనకి చూపించాలి. కూతురి పెళ్లి ఉన్నవాడిని ఆపకండి. మీరు చేయాల్సింది ఆయన పేజీలోని లెక్క తీసి, ఆఫరు దానికంటే ఎంత తక్కువో చూపించి, బేరానికి సాయపడటం. శత్రువుని చేసి పంపితే రేపు ఆయన యాజమాన్యం వైపు సాక్షిగా వస్తాడు.

ఇంట్లో ఆడవాళ్లని మీటింగ్‌కి పిలవండి. జీడి యూనిట్ల లాంటి చోట పని పోయినవాళ్లే వాళ్లు. మిగతా చోట్ల కూడా ఈ కేసు ఇంకో ఏడాది నడవాలా వద్దా అన్నది రాత్రి అన్నం దగ్గర తేలుతుంది, గేటు దగ్గర కాదు.

మీ గురించి కూడా. ఆరు నెలలకోసారి బాధ్యతలు మార్చుకోండి. పుస్తకం రాసేవాళ్లు, డబ్బు చూసేవాళ్లు, వాయిదాకి వెళ్లేవాళ్లు వేర్వేరుగా ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఎత్తనని చెప్పి ఎత్తకండి.

8. ట్రైబ్యునల్ మెట్లు

కన్సిలియేషన్ విఫలమైన రిపోర్టు అందిన 90 రోజుల్లో దరఖాస్తు వేయాలి. రిపోర్టు రాకుండా నానుస్తుంటే తీసేసిన కార్మికుడు, అర్జీ ఇచ్చిన 45 రోజుల తర్వాత, తనంతట తాను నేరుగా వెళ్లవచ్చు. పాత లేబర్ కోర్టు చూస్తోందా కొత్త ట్రైబ్యునలా అన్నది మీ జిల్లా లేబర్ ఆఫీసులో కనుక్కుని వేయండి, తప్పు చోట వేస్తే నెలలు పోతాయి.

“నువ్వు వర్కర్‌వి కాదు, సూపర్‌వైజర్‌వి” అన్నది యాజమాన్యం మొదటి వాదన. పర్యవేక్షణ పని చేస్తూ నెలకి 18,000 దాటి జీతం ఉన్నవాళ్లే ఆ కారణంతో బయటికి పోతారు. హోదా పేరు కంటే చేసిన పని ముఖ్యం: లీవు మంజూరు చేశారా, ఎవరి మీదైనా చర్య తీసుకున్నారా, లేక మీరే మెషిన్ నడిపారా? టీమ్ లీడర్ అన్న బిరుదు ఇచ్చి మెషిన్ దగ్గరే నిలబెట్టినవాళ్లు రోజువారీ పని వివరం రాసి పెట్టుకోవాలి.

లాయరు ఫీజుకి భయపడి ఆగకండి. పారిశ్రామిక కార్మికులకి, మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, ఫోన్ నంబరు 15100. యూనియన్ ప్రతినిధి స్వయంగా వాదించవచ్చు కూడా. అవతలివాళ్లు లాయరుని పెట్టుకోవాలంటే మీ సమ్మతి, ట్రైబ్యునల్ అనుమతి కావాలి. మీకు లాయరు లేనప్పుడు ఆ సమ్మతి ఊరికే ఇచ్చేయకండి.

9. ఏడాది పాటు గేటు మీద కన్ను

యంత్రం వచ్చాక మనుషులు అక్కర్లేదన్నారు కదా. ఆరు నెలలకి చూస్తే యంత్రానికి సరుకు అందించడానికి, జామ్ తీయడానికి, బయటికొచ్చిన పెట్టెలు ఎత్తడానికి కొత్త మనుషులు కాంట్రాక్టరు బస్సులో దిగుతుంటారు. తీసేసిన ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని తీసుకుంటే పాతవాళ్లకి ముందు అవకాశం ఇవ్వాలి. తిరిగి చేరడానికి సిద్ధమని ప్రతి ఒక్కరూ తమ ప్రస్తుత చిరునామాతో ముందుగానే ఉత్తరం ఇచ్చి ఉంచాలి. లేకపోతే “కబురు చేశాం, రాలేదు” అంటారు.

రుజువు సంపాదించడానికి గోడ దూకక్కర్లేదు. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికే సౌకర్యం అందరికీ తెరిచి ఉంటుంది. ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టారో అక్కడ కనిపిస్తుంది. కంపెనీదీ, దానికి మనుషుల్ని పంపే కాంట్రాక్టర్లదీ విడివిడిగా చూడండి. తీసేసిన నెల అంకె, ఆ తర్వాత ప్రతి నెలా వచ్చే అంకె పుస్తకంలో రాయండి, పేజీని తేదీ కనిపించేలా ప్రింటు తీయండి. కంపెనీ అంకె 140 నుంచి 80కి పడి, కాంట్రాక్టరుది 20 నుంచి 65కి ఎగబాకిందంటే మీ తర్వాతి అర్జీలో మొదటి వాక్యం అదే.